బాగుచేయించడమా? కొత్తది కొనడమా?



2025వ సంవత్సరం ఆగమన కాలంలో ఒక ఆదివారం. దివ్యబలిపూజ ముగిసి జనం గుడి మెట్లు దిగుతుండగా ఒక తండ్రీ కొడుకూ నన్ను ఆపారు. తండ్రి చీమకుర్తిలోనే ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పనిచేస్తాడు. కొడుకు రోజూ బస్సులో ఒంగోలు వెళ్ళి డిగ్రీ చదువుకుంటున్నాడు. "ఫాదర్ గారూ, మావాడికి మీరైనా ఒక మాట చెప్పండి" అన్నాడు తండ్రి. "ఫాదర్, మా నాన్నకే మీరు చెప్పాలి" అన్నాడు కొడుకు. ఇద్దరూ ఒకే సంగతి గురించి మాట్లాడుతున్నారు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ గురించి.

ఆ అబ్బాయి ఆటలు ఆడుకునే కంప్యూటర్ అది. 2017లో కొన్నారు. ఇప్పుడు నత్తనడక నడుస్తోంది. కొత్త ఆటలు పట్టడం లేదు. దాంట్లో ఒక గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలునని అబ్బాయి మొదట అన్నాడు. ఆ తరువాత, మొత్తం కొత్తదే కొంటే మేలన్నాడు. షాపువాళ్ళు చీటీ మీద 85 వేలు రాసిచ్చారు. తల్లి తన గొలుసు తాకట్టు పెడతానంది. తండ్రికి కోపం వచ్చింది. అబ్బాయి రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

ఇంత చిన్న సంగతి మన పత్రికలో ఎందుకని మీరు అనుకోవచ్చు. నేనూ ఆ రోజు అలాగే అనుకున్నాను. కాని ఆలోచించిన కొద్దీ ఒక సంగతి తెలిసింది. మన ఇళ్ళలో నీతి ప్రశ్నలు పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుని రావు. చెడిపోయిన యంత్రం రూపంలో, తాకట్టు గొలుసు రూపంలో, అన్నం దగ్గర మౌనం రూపంలో వస్తాయి. వస్తువును ఎప్పటి దాకా బాగుచేసుకోవాలి, ఎప్పుడు వదిలిపెట్టాలి, ఆ నిర్ణయం ఎవరు చేయాలి, దాని ఖర్చు ఎవరి మీద పడుతుంది అన్నవి నిజంగా ధర్మసంబంధమైన ప్రశ్నలే.

వైండింగ్ కాలిన మోటారు

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మన మెట్ట ప్రాంతంలో బోరు ఉన్న ప్రతి రైతుకూ ఇది తెలుసు. మిరప తోట పూతలో ఉండగా మోటారు కాలిపోతుంది. పైకి తీయిస్తాడు. మెకానిక్ చూసి "వైండింగ్ పోయింది" అంటాడు. కొత్త తీగ చుట్టిస్తే కొంత ఖర్చు. కొత్త మోటారుకు దానికి ఎన్నో రెట్లు. మొదటిసారి కాలితే తెలివైన రైతు వైండింగే చేయిస్తాడు. రెండోసారి కాలితే ఆలోచిస్తాడు. మూడోసారి కూడా అదే మోటారును బోరులోకి దించితే పక్క రైతు నవ్వుతాడు. ఎందుకంటే అప్పటికి మోటారు అంతకు ముందు పోసినన్ని నీళ్ళు పోయదు, కరెంటు ఎక్కువ లాగుతుంది, దించే కూలీ, తీసే కూలీ ప్రతిసారీ ఉంటాయి.

ఆ రైతు చేసే మొదటి పని ఏమిటో గమనించండి. కొత్త మోటారు ధర అడగడు. "అసలు ఎందుకు కాలింది?" అని అడుగుతాడు. ఓల్టేజి తక్కువై కాలిందా? నీళ్ళు అడుగంటి ఉత్తగా తిరిగి కాలిందా? కారణం తెలియకుండా కొత్త మోటారు దించితే అదీ కాలుతుంది.

మన కంప్యూటర్ విషయంలో ఈ మొదటి ప్రశ్న ఎవరూ అడగలేదు. "పాతదైపోయింది" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. పాతబడటం జబ్బు పేరు కాదు. ముసలివాడికి జ్వరం వస్తే "వయసు మీద పడింది" అని వైద్యుడు మందివ్వకుండా పంపేస్తే మనం ఒప్పుకుంటామా?

ఆ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఒంగోలులో ఈ రిపేర్లు నేర్చిన మన విచారణ యువకుడొకరిని వెంట తీసుకువెళ్ళాను. అతడు పక్క పలక విప్పగానే అందరం నవ్వుకున్నాం. లోపల ఫ్యాను రెక్కల మీద, వేడిని బయటికి పంపే రేకుల మధ్య బూడిద రంగు దుమ్ము మెత్తలా పేరుకుని ఉంది. చీమకుర్తిలో ఉంటూ ఆ దుమ్ము తెలియనివారెవరు? చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, మనుషుల ఊపిరితిత్తుల్లో చేరే ఆ రాతి దుమ్మే ఇక్కడా చేరింది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కుతోంది. వేడెక్కిన ప్రాసెసర్ తాను కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మనకు అది ముసలితనంలా కనిపిస్తుంది.

ఇంకా రెండు కారణాలు బయటపడ్డాయి. దాంట్లో ఉన్నది పళ్ళెంలా తిరిగే పాతరకం హార్డ్ డిస్కు. దాని బదులు తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. వేస్తే కంప్యూటర్ తెరుచుకునే సమయం ఎంతో తగ్గుతుంది. ర్యామ్ 8 జీబీ మాత్రమే ఉంది. ఇప్పటి ఆటలకు అది చాలదు. ఈ మూడూ సరిచేయవచ్చు. కాని నాలుగోది సరిచేయలేనిది. దాని సంగతి చెబుతాను.

అరగడం, వెనకబడటం

వస్తువు రెండు రకాలుగా పాతదవుతుంది. ఒకటి, అరిగిపోవడం. చెప్పు అరుగుతుంది, నాగలి కర్రు అరుగుతుంది. రెండోది, వెనకబడటం. వస్తువు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, లోకం ముందుకు వెళ్ళిపోతుంది. మొదటిది వస్తువులో జరిగే మార్పు. రెండోది వస్తువు బయట జరిగే మార్పు.

కంప్యూటర్లు చాలాకాలం రెండో రకంగానే పాతబడ్డాయి. గోర్డన్ మూర్ అనే ఇంజనీరు 1965లో ఒక అంచనా చెప్పాడు. ఒక చిప్పు మీద పట్టే ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏడాదికి రెట్టింపవుతుందని. 1975లో దాన్ని సవరించి రెండేళ్ళకు రెట్టింపన్నాడు. కొన్ని దశాబ్దాల పాటు దాదాపు అలాగే జరిగింది. అందుకే 1990లలో కొన్న కంప్యూటర్ నాలుగేళ్ళు తిరిగేసరికి నిజంగానే పనికిరాకుండా పోయేది. ఇప్పుడు ఆ పరుగు మందగించింది. ఎనిమిదేళ్ళ కిందటి యంత్రం ఉత్తరాలు రాయడానికి, పాఠాలు వినడానికి, ఎన్నో ఆటలు ఆడటానికి ఈనాడూ సరిపోతుంది. కాని మన అలవాటు మాత్రం మందగించలేదు. నాలుగేళ్ళకు మార్చాలన్న పాత పరుగు మన మనసుల్లో ఇంకా సాగుతోంది.

అయితే వెనకబడటం అంతా మన భ్రమే అనుకోకూడదు. ఆ ఇంటి కంప్యూటర్లో ఉన్నది విండోస్ 10. 2015లో వచ్చిన ఆ వ్యవస్థకు 2025 అక్టోబరు 14న కంపెనీ మామూలు మద్దతు ఆపేసింది. అంటే భద్రతా లోపాలను సరిచేసే సవరణలు ఇక ఊరికే రావు. తరువాతి విండోస్ 11 కావాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలి. వీళ్ళది ఏడో తరం. యంత్రం నడుస్తూనే ఉంది. కాని దాన్ని గడప అవతల నిలబెట్టేశారు.

ఇది సరిచేయలేని నాలుగో కారణం. ఇక్కడ నాకు కొంత కోపం వచ్చింది. నడిచే వస్తువును పనికిరాదనే అధికారం ఎవరిది? కాని కోపం ఆలోచన కాదు గదా! ఆ కంప్యూటర్ మీదే తండ్రి బ్యాంకు పనులు చూసుకుంటాడు. తాళం పాడైన తలుపుకు "మా తాతగారి తలుపు" అన్న గౌరవం కాపలా కాయదు. పాతదాన్ని ప్రేమించమని చెప్పేవాడు ఈ నిజం కూడా చెప్పాలి. అదృష్టవశాత్తు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా సవరణలు పొందే ఏర్పాటు ఒకటి ఆ కంపెనీయే పెట్టింది. ఖర్చు లేకుండా దొరికే లినక్స్ వ్యవస్థ మరొక దారి. దాని మీద ఇప్పుడు చాలా ఆటలు ఆడవచ్చు. అయితే మోసాలను అడ్డుకునే కాపలా ప్రోగ్రాములు ఉన్న కొన్ని ఆన్‌లైన్ ఆటలు మాత్రం దాని మీద నడవవు. ఈ అబ్బాయికి కావలసిన ఆట అలాంటిదే.

తెడ్ల ఓడ, మాసికల చొక్కా

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు ఒక ఓడ కథ చెప్పేవారు. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టిన కథ. థీసియస్ అనే వీరుడు ప్రయాణం చేసిన ముప్పై తెడ్ల ఓడను ఏథెన్సు ప్రజలు ఎన్నో తరాలు భద్రపరిచారు. కుళ్ళిన పలకను తీసి కొత్త పలక వేస్తూ వచ్చారు. చివరికి ఒక్క పాత పలకైనా మిగలకపోతే, అది థీసియస్ ఓడేనా? ఆ రోజుల్లో దీని మీద రాత్రులు వాదించుకునేవాళ్ళం. దీనివల్ల జీవితంలో ఏమి ఉపయోగమని అప్పుడు నాకు అనుమానం. నలభై ఏళ్ళకు ఆ ఉపయోగం చీమకుర్తిలో కనిపించింది.

అబ్బాయి మొదటి ఆలోచన చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మారుద్దాం, 24 వేలు. మంచిదే. కాని ఆ కార్డుకు కావలసిన కరెంటు పాత పవర్ సప్లై ఇవ్వలేదు. అదీ మార్చాలి. అప్పుడు కార్డు వేగానికి పాత ప్రాసెసర్ అందుకోలేదు. ప్రాసెసర్ మారిస్తే అది పాత మదర్‌బోర్డులో కూర్చోదు. బోర్డు మారిస్తే పాత ర్యామ్ అందులో పట్టదు. 2025 చివరికి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. కృత్రిమ మేధకు పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలు కట్టేవాళ్ళు మెమరీ చిప్పులను మూటలు మూటలుగా కొంటున్నారు. ఎక్కడో అమెరికాలో కడుతున్న కేంద్రం వల్ల చీమకుర్తి కుర్రవాడి జేబుకు చిల్లు పడింది.

అన్నీ కూడితే కొత్తదాని ధరకు దగ్గరగా వచ్చింది. మిగిలింది పాత డబ్బా ఒక్కటే. అంటే "పాతదాన్నే బాగుచేసుకుంటున్నాం" అని చెప్పుకుంటూ కొత్తదాన్ని వాయిదాల మీద కొనడం! పాత చొక్కాకు ముతక కొత్త గుడ్డతో మాసిక వేస్తే చిరుగు ఇంకా పెద్దదవుతుందని ప్రభువు సువార్తలో చెప్పిన ఉపమానం మీకు తెలుసు. బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ఆయనే మరొక చోట అడిగారు. ఆ మాటలు శిష్యరికం గురించి చెప్పినవి. అయితే వాటికి ఆయన ఎంచుకున్న పోలికలు చినిగిన బట్ట కుట్టుకునే, ఇల్లు కట్టుకునే మనుషుల లెక్కల నుండి తీసుకున్నవే.

కనుక మొదటి నియమం ఇది: మొదటి పలక మార్చక ముందే చివరి పలక దాకా లెక్క వేసుకోవాలి. విడివిడిగా చూస్తే ప్రతి ఖర్చూ చిన్నదే, ప్రతిదీ సమంజసమే. మొత్తంగా చూస్తేనే మనం ఏమి చేస్తున్నామో తెలుస్తుంది. చాలా పాపాలు కూడా అలాగే జరుగుతాయని పాపసంకీర్తనపు కుర్చీలో కూర్చునేవాడికి తెలుసు.

దీనికి జతగా మరొక తప్పు ఉంది. "ఇంతకు ముందే దీని మీద ఇంత పెట్టాం గదా, ఇప్పుడు ఎలా వదిలేస్తాం?" అనడం. పోయిన డబ్బు పోయింది. పత్తి చేను పురుగు తిన్నాక, ముందు కొట్టిన మందుల ఖర్చు చూసి మళ్ళీ మందు కొట్టకూడదు. ఇక ముందు కొట్టబోయే మందు పనిచేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. ఈ తప్పుకు విశ్వాసం అనో, నిలకడ అనో మనం పేరు పెట్టుకుంటాం. అది మొండితనం మాత్రమే.

ఆటకు ఇంత ఖర్చా?

ఇప్పటి దాకా చెప్పింది లెక్కల సంగతి. అసలు గొడవ లెక్కల్లో లేదు. "చదువుకైతే అప్పు చేసైనా కొంటాను. ఆటలకా?" అన్నాడు తండ్రి. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు సబబుగానే తోచింది. అబ్బాయిని మందలించడానికి నోరు తెరిచాను కూడా.

తెరిచిన నోరు మూసుకుని, వేరొక ప్రశ్న అడిగాను. "ఎవరితో ఆడతావు నాయనా?" అని.

అతడు నలుగురి సంగతి చెప్పాడు. ఇక్కడి బడిలో పదో తరగతి దాకా కలిసి చదివినవాళ్ళు. ఇప్పుడు ఒకడు హైదరాబాదులో, ఒకడు బెంగళూరులో, ఇద్దరు విజయవాడలో ఉన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు అందరూ ఆ ఆటలో కలుస్తారు. ఆడుతూ ఇంటి సంగతులు, కాలేజీ సంగతులు మాట్లాడుకుంటారు. "ఆట మానేస్తే వాళ్ళు నన్ను మర్చిపోతారు ఫాదర్" అన్నాడు. తండ్రి ఆ సంగతి మొదటిసారి విన్నాడు. ఇన్నాళ్ళూ కొడుకు గదిలో ఒంటరిగా ఎవరి మీదో అరుస్తున్నాడని అనుకున్నాడు.

పునీత తోమాస్ అక్వినాస్ తన మహాగ్రంథంలో ఆట గురించి కూడా రాశారని చాలామందికి తెలియదు. శరీరానికి విశ్రాంతి ఎంత అవసరమో మనసుకు ఆట అంత అవసరమని ఆయన వాదించారు. దానికి పూర్వ సన్యాసుల నుండి వచ్చిన ఒక కథ చెప్పారు. సువార్తికుడు పునీత యోహాను శిష్యులతో కలిసి ఆడుతుంటే చూసి కొందరు నొచ్చుకున్నారట. వారిలో ఒకడి చేతిలో విల్లు ఉంది. బాణం వేయమన్నారు యోహాను. వేశాడు. మళ్ళీ, మళ్ళీ వేయమన్నారు. ఆపకుండా ఇలాగే వేస్తూ ఉండగలవా అని అడిగారు. అలా చేస్తే విల్లు విరుగుతుందన్నాడు అతడు. మనసు కూడా అంతేనన్నారు యోహాను. అక్వినాస్ ఇంకొంచెం ముందుకు వెళ్ళి, బొత్తిగా ఆట లేకపోవడం, ఇతరుల ఆటను చూసి చిటపటలాడటం కూడా దోషమేనన్నారు. ఆటలో హద్దు మీరడం దోషమని ఎలాగూ చెప్పారు.

ఆ హద్దు సంగతి కూడా మరిచిపోకూడదు. 2025 సెప్టెంబరు 7న పునీతుడుగా ప్రకటించబడిన కార్లో అకూటిస్ కంప్యూటర్లు ఎరిగిన కుర్రవాడు, వీడియో ఆటలంటే ఇష్టపడినవాడు. వారానికి ఒక గంట అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడని ఆయన జీవితం తెలిసినవారు చెబుతారు. అందరికీ అదే గంట కొలత కానక్కరలేదు. కొలత అంటూ ఒకటి ఉండటం, అది తనకు తానే పెట్టుకోవడం ముఖ్యం. ఇక డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలు వేరే జాతి. వాటిని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. స్నేహితులతో ఆడే ఆటనూ, జూదాన్నీ ఒకే కర్రతో కొట్టే తల్లిదండ్రులు రెండోదాని ప్రమాదాన్ని పిల్లలకు నమ్మకంగా చెప్పలేరు.

రాళ్ళ గుట్టలు

వదిలేసిన వస్తువు ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న మన ఊరివాళ్ళం అడగకపోతే ఇంకెవరు అడగాలి? మన నల్లరాతిలో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చినవి. నక్షత్రాల ఆకాశంలా ఉంటుందని లోకమంతా దాన్ని బ్లాక్ గెలాక్సీ అంటుంది. ఇటలీలో, చైనాలో, అమెరికాలో ఇళ్ళ వంటగట్లకు అది పరుస్తారు. కాని తవ్విన రాయిలో చాలా భాగం దిమ్మగా పనికిరాదు. సన్నని పగులు ఉన్నా, చుక్క సరిగా లేకపోయినా గుట్ట మీదికి పోతుంది. రామతీర్థం వైపు వెళ్ళే దారిలో ఆ గుట్టలు మీరు చూసే ఉంటారు. నునుపైన పలక కొన్నవాడికి ఆ గుట్ట కనిపించదు. మనకు కనిపిస్తుంది.

కంప్యూటర్ కూడా ఎవరి ఊళ్ళోనో గుట్ట మిగిల్చి మన ఇంటికి వస్తుంది. దానిలోని రాగి, బంగారం, ఆఫ్రికాలోని కాంగో వంటి చోట్ల తవ్వే టాంటలం, అన్నీ మట్టి నుండి మనుషుల చేతులతో వచ్చినవే. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చినట్లు నమోదైనది 22.3 శాతమే. మన దేశంలో 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి, ఆ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అయినా మన వీధిలో పాత ఇనుము కొనే బండికి వేసేస్తే ఆ బోర్డును ఎవరో ఒకరు తీగ కోసం కాల్చి ఆ పొగ పీలుస్తారు. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో రాసిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో పారేసే సంస్కృతిని గురించి హెచ్చరించినప్పుడు ఇలాంటి దారులే ఆయన దృష్టిలో ఉన్నాయి. ఒక వస్తువును పారేయకుండా మళ్ళీ వాడుకోవడం కూడా ప్రేమతో చేస్తే మనిషి గౌరవానికి తగిన పనేనని ఆయన అన్నారు.

ఇక్కడ నాకు నేనే ఒక అడ్డంకి చెప్పుకోవాలి. మన విచారణలో చాలా ఇళ్ళలో వస్తువులను బాగుచేసుకుని వాడేది పుణ్యం కోసం కాదు, గతిలేక. కుట్టిన చెప్పులు, అతికించిన ప్లాస్టిక్ బిందె చూసి "ఎంత పొదుపు!" అని మెచ్చుకునే హక్కు నాకు లేదు. తన చేత్తో కోసిన పలక సముద్రాలు దాటి వెళుతుంటే, తన కొడుక్కి ఒక మంచి వస్తువు కొనాలని ఆ తండ్రికి ఉండదా? ఉంది. ఆ కోపం కింద ఉన్నది అదే. కొనలేకపోతున్నానన్న బాధను "ఆటలకా?" అన్న మాటతో కప్పుకున్నాడు. ఉన్నవాడు మానుకుంటే అది త్యాగం. లేనివాడికి మానుకొమ్మని చెప్పడం చాలా తేలిక. అందుకే నేను "కొనవద్దు" అని చెప్పలేదు. "ఎవరి మెడలోంచి కొంటున్నారు?" అని అడిగాను.

85 వేలకు నూటికి రూపాయిన్నర వడ్డీ అంటే నెలకు 1,275 రూపాయలు. గొలుసు తల్లిది. పైగా ఆ ఇంట్లో పదో తరగతి చదివే చెల్లెలు ఉంది. అన్న ఆడనప్పుడు ఆ కంప్యూటర్ మీద పాఠాలు వినేది ఆమె. ఈ వాదనంతటిలో ఆ ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ చాలాసేపటి దాకా అడగలేదు. అడిగినప్పుడు ఆ పిల్ల "ఏదైనా ఫరవాలేదు ఫాదర్, తొందరగా తెరుచుకుంటే చాలు" అంది.

ఆలోచన, నిర్ణయం, ఆచరణ

వివేకం అనే సుగుణానికి మూడు మెట్లున్నాయని అక్వినాస్ చెబుతారు. మొదటిది ఆలోచన అడగడం, రెండోది నిర్ణయించడం, మూడోది ఆ నిర్ణయాన్ని నడిపించడం. మొదటి మెట్టు ఎక్కకుండా నిర్ణయించేది తొందరపాటు. మొదటి రెండూ ఎక్కి మూడోది ఎక్కనిది అలసత్వం. ఆ రాత్రి ఆ ఇల్లు మూడు మెట్లూ ఎక్కింది.

దుమ్ము దులిపించి, వేడి లాగే పేస్టు కొత్తగా పూయించారు, 400 రూపాయలు. చిన్న ఎస్.ఎస్.డి. 3,200. ఎవరో వాడి అమ్మిన ర్యామ్ ముక్క 2,400. మొత్తం 6,000. మరో ఏడాదికి భద్రతా సవరణలు వచ్చే ఏర్పాటు చేసుకున్నారు. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. గొలుసు మెడలోనే ఉంది. అబ్బాయి శని, ఆదివారాలు ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరాడు. అతడు నెలకు 2,000, తండ్రి 1,000 ఒక డబ్బాలో వేయాలి. 2026 అక్టోబరు వచ్చేసరికి ఉన్న డబ్బుతో, అప్పు లేకుండా, అప్పటికి దొరికేది కొనాలి. అప్పుడు పాతది చెల్లెలికి వస్తుంది. దాంట్లో లినక్స్ వేసుకుంటే ఆమె చదువుకు ఇంకా చాలా ఏళ్ళు పనికివస్తుంది. ఆ తరువాత ఒకనాడు నిజంగా ఆగిపోతే, డిస్కులోని సమాచారం చెరిపి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే ఇవ్వాలి.

అంతా శుభంగా ముగిసిందని చెప్పలేను. 2026 తపస్సుకాలంలో మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. కంప్యూటర్ బాగానే నడుస్తోంది. ఆ పిల్ల సంతోషంగా ఉంది. కాని స్నేహితులు నలుగురూ మరో కొత్త ఆటకు మారారట. అది ఈ కార్డు మీద నడవదు. మొదట్లో వారానికి రెండు రోజులు ఇతని కోసం పాత ఆటకు వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక్కడే వస్తున్నాడు. "ఏం ఫరవాలేదు ఫాదర్" అన్నాడు గాని, అతని ముఖంలో ఆ 'ఫరవాలేదు' కనిపించలేదు. మన నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను. అయినా దానికి ఒక వెల ఉంది. ఆ వెల కట్టింది నేను కాదు, ఆ తండ్రి కూడా కాదు. సరైన నిర్ణయమంటే ఎవరికీ నొప్పి కలగనిదని మనం పిల్లలకు చెప్పకూడదు. ఎవరు నొప్పి భరిస్తున్నారో చూసి, వారి పక్కన కూర్చోవాలి.

తండ్రి అదే చేస్తున్నాడు. రాత్రి షిఫ్టు లేని రోజుల్లో కొడుకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆట చూస్తున్నాడట. "నాకేమీ అర్థం కాదు ఫాదర్ గారూ, ఊరికే కూర్చుంటా" అన్నాడు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనూ ఇలాంటి వస్తువు ఏదో ఒకటి ఉంటుంది. కంప్యూటరో, ఫ్రిజ్జో, మోటారు సైకిలో. ఈ వారం అందరూ కలిసి అన్నానికి కూర్చున్నప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు ఒకరినొకరు అడగండి. దీనికి అసలు జబ్బు ఏమిటి? చివరి రూపాయి దాకా లెక్క ఎంత? ఇది ఎవరికి దేనికి ఉపయోగపడుతోంది? దీని ఖర్చు ఎవరి మీద పడుతుంది? అడిగేటప్పుడు, ఎప్పుడూ మాట్లాడనివారిని ముందుగా మాట్లాడనివ్వండి.